కెంపుటుంగరము కొనుటకు ముందు



మైపాడు తీరమునగల యొక పల్లెనుండి వచ్చి మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు, సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట తండ్రిని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆ తండ్రికి రెండెకరముల రొయ్యల చెఱువు కలదు. ఆ సంవత్సరము పంట దక్కినది, ధరయు దక్కినది. ఈ రెండును ఒక్కసారి దక్కుట ఎంత అరుదో మన తీరమువారికి చెప్పనక్కఱలేదు. పెద్దకుమార్తె వివాహము నిశ్చయమైనది. అల్లునికి కెంపుటుంగరము పెట్టవలెనని యింటివారి కోరిక. ఆ సొమ్ములోనే రెండవ కుమార్తె నర్సింగు చదువునకు కట్టవలసిన రుసుమును ఉన్నది.

“అయ్యవారూ, మావాడు తమరు చెప్పిన రాళ్ల పాఠము విన్నాడట. ఈ చీటి చూచి, కొనవచ్చునో కూడదో చెప్పుడు. రేపటికి మాట చెప్పవలెను” అని ఆయన ఒక కాగితమును నా చేతికిచ్చెను. అది నెల్లూరిలోని యొక నగల వర్తకుడు వ్రాసియిచ్చిన అంచనా చీటి. ఆ వర్తకుడెవరో యిచ్చట మనకు పనిలేదు.

ఆ చీటితో మొదలైన పనికి నెలదినములు పట్టినది. దానిలో మీ పదార్థ విజ్ఞానపు పాఠములు మూడు నాలుగు చేరియున్నవి గనుక దానిని వరుసగా వ్రాయుచున్నాను.

మొట్టమొదట రాయిని గూర్చి కాక లెక్కను గూర్చి చూచితిమి. చీటిలో ఇట్లున్నది: ఉంగరపు తూకము 8 గ్రాములు, బంగారము గ్రాము 7,000 రూపాయల వంతున 56,000, తరుగు నూటికి 12 వంతున 6,720, బర్మా కెంపు 5 క్యారెట్లు, 40,000, వెరసి 1,02,720 రూపాయలు. పన్ను వేఱు.

“ఇందులో తప్పేమి?” అని బాలుని అడిగితిని. వాడు కూడిక సరిచూచి, తప్పు లేదనెను. కూడికలో తప్పు లేదు నిజమే. కాని రాయి తూకమెంత? రాళ్లను తూచు క్యారెట్టు 200 మిల్లీగ్రాములు. 1907వ సంవత్సరమున ఈ కొలత స్థిరపడినది. 5 క్యారెట్లనగా సరిగా 1 గ్రాము. 8 గ్రాముల ఉంగరములో 1 గ్రాము రాయియైనప్పుడు బంగారము 7 గ్రాములే. వర్తకుడు రాయిని ఒకసారి రాయిగాను, మఱియొకసారి బంగారముగాను అమ్ముచున్నాడు. 7 గ్రాములకు 49,000, తరుగు 5,880, రాయి 40,000, మొత్తము 94,880. భేదము 7,840 రూపాయలు. రాయి మంచిదా చెడ్డదా అను ప్రశ్న పుట్టకముందే ఈ సొమ్ము చేయి దాటిపోవుచున్నది.

కావున మొత్తపు తూకము, రాతి తూకము, నికరపు బంగారపు తూకము అను మూడును చీటిపై వేఱువేఱుగా వ్రాయించుకొనవలయును. ఇంకొక చిక్కు గలదు. “క్యారెట్టు” అను మాటకు కొట్టులో రెండర్థములు. రాయి విషయమున అది తూకము. బంగారము విషయమున అది వన్నె. 24 భాగములలో 22 భాగములు మేలిమి యున్నది 22 క్యారెట్ల బంగారము. దానినే వేయింటికి 916 అందురు. 18 క్యారెట్లయినచో 750. రాళ్లు పొదిగిన నగలను గట్టిదనమునకై 18 క్యారెట్లలో చేయుట కలదు. అది దోషము కాదు. కాని 22 క్యారెట్ల ధర కట్టుట దోషము. మన పెద్దలు గురివింద గింజలతో తూచెడివారు. ఒక గింజ యెత్తు సుమారు 0.12 గ్రాము. నేటికిని కొందఱు వర్తకులు రాళ్లను రత్తీలలో, అనగా ఆ గింజల లెక్కలోనే, చెప్పుదురు. అయిదు రత్తీలనిన అయిదు క్యారెట్లని భ్రమపడువారు చాలమంది. గ్రాములలో చెప్పుమని అడిగినచో ఆ భ్రమ తీరును.

బంగారపు వన్నెను గూర్చి నేడు కొనువానికి మంచి యాధార మేర్పడినది. 2021వ సంవత్సరము జూను 16వ తేదీనుండి దేశములోని 256 జిల్లాలలో హాల్‌మార్కు ముద్ర నిర్బంధము చేయబడి, పిమ్మట మఱికొన్ని జిల్లాలకు విస్తరింపబడినది. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి ఆఱు అక్షరములు, అంకెలు గల ప్రత్యేక సంఖ్య ముద్రింపబడిన హాల్‌మార్కు నగలనే అమ్మవలెనని నియమము. ఆ సంఖ్యను భారత ప్రమాణముల సంస్థవారి సెల్‌ఫోను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. అయితే ఈ ముద్ర బంగారమునకు మాత్రమే సాక్షి. దాని నడుమ కూర్చున్న రాతిని గూర్చి అది ఒక్క మాటయు చెప్పదు. ముద్ర చూపి రాతిని అమ్మువారు కలరు గనుక దీనిని ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనుడు.

ఇక కెంపనగా నేమి? కురువిందమను ఖనిజమునందు ఎఱ్ఱనిది కెంపు. నీలవర్ణము గలది నీలము. రెండును ఒక్క తల్లి బిడ్డలే. అల్యూమినియము, ఆమ్లజని కలిసిన పదార్థమునకు రవంత క్రోమియము చేరిన ఎఱుపు వచ్చును. ఇనుము, టైటానియము చేరిన నీలిరంగు వచ్చును. ఈ ఖనిజమును ఇంగ్లీషువారు కొరండమందురు. ఆ మాట మన దక్షిణదేశపు మాటయే. తమిళుల కురుందము, మన కురువిందము, సంస్కృత కురువిందము దానికి మూలము. కాఠిన్యమున వజ్రమునకు 10 అంకె వేసినచో దీనికి 9. అందుచేతనే ఎఱుపును నీలిమయు లేని ముతక కురువిందమును పూర్వమునుండి సానరాళ్లకు వాడుచున్నారు.

ప్రాచీనులు రాళ్లకు పేర్లు పెట్టునపుడు రంగును చూచిరేగాని పదార్థమును చూడ సాధనములు వారికి లేవు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రమునకు, ముత్యమునకు, పద్మరాగమునకు, మరకతమునకు వేఱువేఱు అధ్యాయములు వ్రాసెను. గుణదోషములను చక్కగా విభజించెను. అయినను కంటికి కనబడు ఎఱుపు ఒక్కటియైనప్పుడు రాళ్లు రెండని తెలియుట కష్టము. మీరు వేదపాఠములలో చదువు సామెతల గ్రంథము కడపటి అధ్యాయమున గుణవతియైన స్త్రీ వెల చెప్పుచోట, పాత ఇంగ్లీషు తర్జుమాలో కెంపులున్నవి. మన తెలుగులో ముత్యమున్నది. హెబ్రీ మాట ఒక్కటే. ఆ మాటకు పగడమని అర్థము చెప్పు పండితులును కలరు.

రాజులును ఈ చిక్కు తప్పించుకొనలేదు. ఇంగ్లండు రాజకిరీటమునకు ముందువైపున పొదిగిన పెద్ద ఎఱ్ఱరాయి “బ్లాక్ ప్రిన్సు కెంపు” అని వాసికెక్కినది. 1367వ సంవత్సరమున ఎడ్వర్డు రాకుమారునికి స్పెయిను దేశపు కాస్టీలు రాజగు పీటరు దానినిచ్చెనని చరిత్ర. అది కెంపు కాదు; స్పినెల్ అను వేఱొక ఖనిజము. మెగ్నీషియము, అల్యూమినియము, ఆమ్లజని కలిసినది. 1783లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమె ద లీల్ ఈ రెండును వేఱని నిరూపించువఱకు స్పినెల్‌ను కెంపుగానే యెన్నుచుండిరి. ఇది మోసము కాదు, తెలియమి. దీనిని ఇచ్చట మఱవకుడు. మన కథలో ఇది మరల వచ్చును.

మూడవది గార్నెట్. దీని కొఱకు దూరము పోనక్కఱలేదు. గూడూరు, రాపూరు ప్రాంతముల అభ్రకపు గనుల చుట్టునుగల రాళ్లలో ఇది ఎఱ్ఱని గింజలుగా కనబడును. మన సముద్రతీరమున అల వెనుకకు పోయిన తరువాత ఇసుకపై నిలుచు ఊదా చారలలో ఈ గింజలే కొన్ని యుండును. తెలంగాణమున ఖమ్మము ప్రాంతపు గరీబుపేట కొండనుండి పోయిన గార్నెట్ పూసలు అరికమేడు మొదలగు ప్రాచీన రేవులవఱకును వ్యాపించెనని రసాయన పరీక్షలవలన ఇటీవల తేలినది. మనవారు గోమేధికమనునదియు గార్నెట్ జాతిలోనిదే. అది చక్కని రాయి. దాని పేరుతో దాని వెలకు అమ్మినచో ఎవరికిని అభ్యంతరముండదు.

నాలుగవది మనుష్యుడు చేసిన కెంపు. దీనిని గాజు అని తలపకుడు. 1902లో ఫ్రాన్సు దేశీయుడైన వెర్నూయి, అల్యూమినియము భస్మమును క్రోమియముతో కలిపి, ఆమ్లజని ఉదజనుల జ్వాలలో కఱగించి, బొట్టుబొట్టుగా పేర్చి కెంపును చేయు విధమును ప్రకటించెను. అది గనిలో పుట్టినదానితో పదార్థమున ఒక్కటే, కాఠిన్యమున ఒక్కటే. మీ తాతగారి చేతి గడియారముపై “17 జ్యూయెల్సు” అని వ్రాసియున్నదా? ఆ పదునేడును ఇట్టి కెంపులే. ఇరుసులు అరగకుండుటకై పెట్టినవి. ఆ పదునేడు కెంపులకై ఆ గడియారమును ఎవరును ఎక్కువ వెలకు కొనరు. 1960లో మెయిమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మొదటి లేసరు కాంతిని పుట్టించినదియు చేసిన కెంపుతోనే. వస్తువు గొప్పదే, వెల మాత్రము గని కెంపుతో సమానము కాదు.

అయిదవది అన్నిటికంటె నేడు ప్రమాదకరము. బీటలుపడి పనికిరాని గని కెంపులను ఆమ్లములతో కడిగి, ఆ బీటలలో సీసము కలిసిన గాజును కఱగించి పోసి, సానపట్టి అమ్ముదురు. 2004వ సంవత్సరము మొదలు ఇట్టివి బజారులలో విస్తారమైనవి. “ఇది గనిలో పుట్టిన కెంపు” అని ప్రమాణము చేసినను అబద్ధము కాదు, సగము సత్యము. కంసాలి మంట తగిలినను, నిమ్మరసము తగిలినను లోని గాజు చెడును. ఉంగరము చేతనుంచుకొని పులుసుకు నిమ్మకాయ పిండువారి యింట ఇది ఎన్నాళ్లు నిలుచునో మీరే ఆలోచింపుడు.

వీటిని కనుగొనుటకు పల్లెలలో కొన్ని పరీక్షలు వాడుకలో నున్నవి. కెంపును పాలలో వేసిన పాలు ఎఱ్ఱబడునందురు. ఎఱ్ఱ గాజుముక్కను వేసినను పైనుండి చూచువానికి పాలపై ఎఱ్ఱని ఛాయ తోచును. దీనివలన తేలునది శూన్యము. గాజుపలకను గీచిచూచుట మఱియొకటి. కెంపు గాజును గీఱును నిజమే. గార్నెట్, స్పినెల్, చేసిన కెంపు, మన యేటి పలుగురాయి సహితము గీఱును. పైగా రాతి అంచులు విఱుగవచ్చును. అప్పుడు వర్తకుడు మీచేత కొనిపించును. కనుఱెప్పకు తాకించి చల్లదనము చూచుటయందు మాత్రము కొంత సత్యమున్నది. స్ఫటికములు గాజుకంటె త్వరగా వేడిని లాగికొనును గనుక చల్లగా తోచును. కాని అది గాజును వేఱుపఱచునేగాని గని కెంపును చేసిన కెంపునుండి వేఱుపఱచజాలదు.

మఱునాడు మేము మువ్వురమును నెల్లూరికి పోయితిమి. ఆచారి వీధిలో నడచునపుడు బాలుడు ప్రతి కొట్టులోని దీపములను చూచి ఆశ్చర్యపడెను. ఆ దీపములును పాఠమే. పసుపు వెలుగులో ఎఱ్ఱరాయి నిప్పుకణమువలె నుండును. అదే వెలుగులో నీలము నల్లబారును. రంగు చూడవలెనన్న రాతిని గడపవద్దకు తెచ్చి, ఎండ సూటిగా పడని పగటి వెలుగులో చూడవలెను. ఉంగరమును త్రిప్పి అడుగును చూడవలెను. అడుగు మూసియున్నచో క్రింద మెఱుగు రేకు ఉండవచ్చును. పాలిపోయిన రాయి ఆ రేకు వలన ఎఱ్ఱబడును. మన పాత నగలలో అడుగు మూయుట కుందనపు పని ఆచారము, అందుచేత అది యొక్కటే దోషమునకు గుఱుతు కాదు. కాని వేలు లక్షలు పెట్టి రాతికై కొను ఉంగరమునకు అడుగు తెఱచియుండుటయే న్యాయము.

వర్తకుడు మమ్మును ఆదరముతో కూర్చుండబెట్టి చల్లని పానీయములు తెప్పించెను. నేను పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్దమును తీసితిని. దీని వెల కొద్ది వందల రూపాయలు. నగలు కొను ప్రతి యింట నుండదగినది. గని కెంపులో సన్నని సూదులవంటివి పట్టుదారములవలె కనబడును. ఎదుగుదల గీతలు తిన్నగా గాని కోణములుగా గాని యుండును. జ్వాలలో చేసిన కెంపులో ఆ గీతలు గ్రామఫోను పలకపై గీతలవలె వంపు తిరిగియుండును, గుండ్రని బుడగలును ఉండును. ఆ ఉంగరపు రాతిలో నేను చూచినది వేఱు. వలవంటి బీటలు, వాటిలో అణగిన బుడగలు, రాతిని కదల్చినపుడు బీటల వెంబడి తళుక్కుమను నీలి మెఱుపు. సీసపు గాజు పోసిన కెంపుల గుఱుతు ఇదే. బాలునికి అద్దమిచ్చి చూడుమంటిని. వాడు చాలసేపు చూచి, “కిరసనాయిలు పడిన నీళ్లవలె నున్నదయ్యా” అనెను. అంతకంటె చక్కగా నేను చెప్పలేను.

నిజమునకు అద్దముతో పనిలేకయే కొంత తెలియవలసినది. 5 క్యారెట్ల చక్కని బర్మా కెంపు 40,000 రూపాయలకు దొరకదు. 2015లో జెనీవా నగరమున 25.59 క్యారెట్ల బర్మా కెంపొకటి సుమారు మూడు కోట్ల డాలర్లకు పోయినది. 2023లో మొజాంబిక్ దేశపు 55.22 క్యారెట్ల కెంపు దానిని మించి పలికినది. అవి మహారత్నములు, వాటితో పోలిక తగదు. అయినను ఎక్కువ వెలగల వస్తువు మిక్కిలి చౌకగా వచ్చినపుడు, ఆ చౌకయే మొదటి సాక్ష్యము.

నేను వర్తకునితో వాదింపలేదు. అట్లు వాదించుటవలన లాభము లేదు. మఱియు అతడు తెలిసి చేసెనని నేననను. చిన్న వర్తకులు రాళ్లను పెద్ద వర్తకులవద్ద పొట్లములుగా కొందురు. వారికి చెప్పిన పేరునే వీరు మనకు చెప్పుదురు. నేనడిగినది ఒక్కటే: “రసీదుపై ‘సహజమైన కెంపు, గాజు పోయబడలేదు, పరీక్షాశాలలో తేడా వచ్చిన సొమ్ము తిరిగి యిత్తును’ అని వ్రాసి సంతకము చేసెదరా? తిరిగి అమ్మదలచిన రాతికేమి యిత్తురో అదియు వ్రాసెదరా?”

ఆయన నవ్వి, “మా తాతలనాటి కొట్టు. నోటిమాట చాలదా అయ్యవారూ? రసీదుపై ఎఱ్ఱరాయి అని వ్రాయుట ఆచారము. తిరిగి యిచ్చునపుడు బంగారమునకే వెల, రాతికి ఎక్కడను కట్టరు” అనెను. ఈ కడపటి మాట సత్యము. నగల బజారులో రాతికి తిరుగువెల సాధారణముగా ఉండదు. అనగా ఆ 40,000 కొట్టు గడప దాటగానే సున్నయగును.

తండ్రి ముఖము చూచితిని. రాయి సంగతి ఆయనకు తెలిసినది. కాని తన తండ్రి కాలమునుండి ఆ కొట్టులోనే తాళిబొట్లు, మెట్టెలు కొన్నవాడు. పానీయము త్రాగి, అర్ధగంట కూర్చుండి, వట్టిచేతులతో లేచుట ఆయనకు ప్రాణసంకటముగా నుండెను. మన జిల్లాలో తెలియమివలన పోయిన సొమ్ముకంటె మొగమాటమువలన పోయిన సొమ్మే ఎక్కువని నా యభిప్రాయము. చివరకు ఆయన చేతులు జోడించి, “ఇంటిలో అమ్మ నడిగి చెప్పెదను” అని లేచెను. మంచి మాటయే, పైగా అది నిజమైనది.

ఏలయన, ఆ సాయంకాలము ఇంటివద్ద జరిగినదంతయు విని, బాలుని నాయనమ్మ పెట్టె తెఱచి, చిన్న గుడ్డమూట విప్పెను. అందులో ఒక ఎఱ్ఱరాయి. ఆమె మామగారు యౌవనమున రంగూనులో కూలికి పోయి పనిచేసినవారు. తెలుగు తీరమునుండి వేలకొలది జనులు అట్లు పోయెడివారు. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో ఆ నగరము వారి వశమైనది. కాలినడకన కొండలు అడవులు దాటి ఇండియాకు బయలుదేఱిన లక్షలాది జనులలో ఆయనయు నొకడు. త్రోవలో ఆకలిచేతను జ్వరములచేతను రాలిపోయినవారు అసంఖ్యాకులు. ఆయన మొలత్రాటికి కట్టుకొని తెచ్చిన ఉంగరములోనిది ఆ రాయి. ఉంగరపు బంగారము ఏ కఱవునాడో కఱగిపోయినది; రాయి మిగిలినది. “రంగూను కెంపు” అని యింట చెప్పుకొనుచుండిరి.

ఆ మఱుసటి వారము తొమ్మిదవ తరగతివారు ఆ రాతిని మన ప్రయోగశాలలో తూచిరి. విడిరాయి గనుక ఆర్కిమీడిసు సూత్రము వర్తించును; ఉంగరములో పొదిగినదానిని ఇట్లు తూచుటకు వీలులేదు. గాలిలో తూకము 0.72 గ్రాము. సన్నని దారమున కట్టి నీటిలో వ్రేలాడదీసి తూచిన తఱుగుదల 0.20 గ్రాము. గాలిలోని తూకమును తఱుగుదలచే భాగించిన 3.6 వచ్చును. కెంపు విశిష్ట గురుత్వము 4.0, అది కెంపైనచో తఱుగుదల 0.18 ఉండవలెను. భేదము 0.02 మాత్రమే, మన త్రాసు చూపునది 0.01 వఱకే. కనుక ఒక్క తూకముతో తీర్పు చెప్పరాదని పండ్రెండు మార్లు తూచిరి. తొమ్మిది మార్లు 0.20, మూడు మార్లు 0.19 వచ్చెను; 0.18 ఒక్కమారును రాలేదు. మొదట రెండు మార్లు తప్పుడు లెక్క వచ్చినది, కాని రాతి క్రింద గాలిబుడగ అంటుకొనియుండుటచే ఆ రెంటిని కొట్టివేసిరి. నీటిలో రవంత సబ్బు కలిపిన ఆ చిక్కు పోయెను.

తరువాత పోలరాయిడు పలకను రాతిపై త్రిప్పి, క్రిందినుండి వెలుగు పంపి చూచిరి. కెంపునకు రెండు ఎఱుపులుండును; పలక త్రిప్పినకొలది నారింజ ఛాయనుండి ఊదా ఛాయకు మాఱుచుండును. రాతిని రెండు మూడు వైపులుగా నిలిపి చూడవలెను, ఏలయన ఒక వైపునుండి చూచిన కెంపులోను మార్పు కనబడదు. ఈ రాయి ఏ వైపునను మాఱలేదు. గాజు, గార్నెట్, స్పినెల్ ఈ మూడును మాఱనివే. ఎఱ్ఱ గార్నెట్ బరువు సాధారణముగా 3.8కి పైన నుండును. గాజు అయినచో ఇన్ని యేండ్లకు అంచులు అరిగియుండవలెను; ఇవి క్రొత్తవలె కఱకుగా నున్నవి. భూతద్దములో ఎనిమిది ముఖముల చిన్న చిన్న స్ఫటికములు వరుసకట్టి కనబడెను. ఇంతవఱకు వచ్చి మేము ఆగితిమి. పాఠశాల చెప్పగలిగినది “స్పినెల్ కావచ్చును” అని మాత్రమే.

జయపురము, ముంబయి, చెన్నై మొదలగు నగరములలో రత్నపరీక్షాశాలలు కలవు. తండ్రి చెన్నైకి స్వయముగా పోయి రాతినిచ్చి వచ్చెను. పత్రములో వక్రీభవన గుణకము 1.718 అనియు, సహజమైన స్పినెల్ అనియు, కాచిన గుఱుతులు లేవనియు వ్రాసిరి. కెంపులకు ప్రసిద్ధమైన బర్మాలోని మొగోక్ గనులలో ఎఱ్ఱ స్పినెల్‌లును దొరకును.

బాలుడు ఈ వార్తను నాయనమ్మకు చెప్పుటకు వెఱచెను. “ఇన్నాళ్లు కెంపనుకొన్నాము, కాదటనా?” అని ఆమె యొక క్షణము మాటాడకుండెనట. వాడు ఇంగ్లండు కిరీటము కథ చెప్పెను. ఆమె నవ్వి, “మనకు కిరీటమెందుకు నాయనా, మీ ముత్తాత అంత దూరము నడిచి తెచ్చినాడు. ఊడిపోకుండ కట్టించండి, చాలు” అనెనట.

ఉంగరము వేఱొక కంసాలి చేసెను. అడుగు తెఱచి, నాలుగు పట్లుగా పొదిగెను. బంగారము 22 క్యారెట్లది. రెండవ కుమార్తె రుసుము గడువులోపలనే కట్టిరి. రసీదును బాలుడు నాకు తెచ్చి చూపెను: మొత్తపు తూకము 4.720 గ్రాములు, రాయి, సహజమైన ఎఱ్ఱ స్పినెల్, ఖాతాదారునిదే, 0.720, నికరపు బంగారము 4.000. క్రింద ఆఱు అక్షరముల హాల్‌మార్కు సంఖ్య. ఆ సంఖ్యను వాడు అంతకుముందే సెల్‌ఫోనులో సరిచూచి వచ్చెను.